అక్వేరియంలో నాచు: మందు పోస్తే చేపలకే ముప్పు

మొక్కలు పెంచే మంచినీటి అక్వేరియంలో అద్దాలకు, ఆకులకు పాకుడు పట్టగానే పలువురు నాచు మందును ఆశ్రయిస్తుంటారు. నాచు ఒక్కసారిగా చచ్చి కుళ్లితే నీటిలో ఆక్సిజన్ తరిగి చేపలు చనిపోయే ప్రమాదముంది. రాగి కలిసిన మందులు రొయ్యలకు, నత్తలకు ప్రాణాంతకం.

మిగిలిపోయిన మేత, చేపల వ్యర్థాలు కుళ్లి నైట్రేట్లు, ఫాస్ఫేట్లు పెరుగుతాయి. మొక్కలు వాడుకోగా మిగిలిన ఈ పోషకాలకు అధిక వెలుతురు తోడైతే నాచు విజృంభిస్తుంది. కావున దీపం రోజుకు 6-8 గంటలకు మించి వెలగరాదు. తొట్టెపై నేరుగా ఎండ పడనీయరాదు. రెండు మూడు నిమిషాల్లో చేపలు తినగలిగినంత మేతే వేయాలి. పాకుడును గీకి తీసి, వారానికోసారి పావు వంతు నీటిని మార్చాలి. కుళాయి నీటిలోని క్లోరిన్‌ను తొలగించాకే పోయాలి. హైడ్రిల్లా వంటి త్వరగా పెరిగే మొక్కలు నాటితే పోషకాలను అవే పీల్చుకొని నాచును అదుపులో ఉంచుతాయి.