బర్టీకి ఏడేళ్ళు ఎప్పుడొస్తాయి? ఒక అపార్ట్‌మెంట్ నవల, దాని పాఠకుల గోల

ఈ ఎపిసోడ్‌లో ఒక నవల గురించి మాట్లాడుకుందాం. నిజానికి నవల కంటే, దాన్ని చదివినవాళ్ళ గురించే ఎక్కువ మాట్లాడుకుందాం. ఎందుకంటే ఆ పాఠకులు ఏళ్ళ తరబడి రచయితని ఒకటే అడుగుతూ వచ్చారు: "సార్, ఆ పిల్లాణ్ణి వాళ్ళమ్మ దగ్గర్నుంచి ఎప్పుడు విడిపిస్తారు?" అని.

నవల పేరు '44 స్కాట్లండ్ స్ట్రీట్'. రాసింది అలెగ్జాండర్ మెకాల్ స్మిత్. బోట్స్‌వానాలో ఒక లేడీ డిటెక్టివ్ కథలు రాసి ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నది ఈయనే. అంతకుముందు ఎడిన్‌బరో యూనివర్సిటీలో మెడికల్ లా ప్రొఫెసర్.

ఈ నవల పుట్టిన కథే ఒక సరదా కథ. ఆయన అమెరికా వెళ్ళినప్పుడు, రచయిత్రి అమీ టాన్ ఇంట్లో పార్టీలో ఆర్మిస్టెడ్ మాపిన్ కలిశాడు. శాన్ ఫ్రాన్సిస్కోలో ఒకే ఇంట్లో అద్దెకుండే మనుషుల కథని 1970ల్లో పేపర్లో సీరియల్‌గా రాసి ఊరంతటినీ చదివించిన రచయిత ఈ మాపిన్. మన స్మిత్ గారు ఇంటికొచ్చి, ఈ రోజుల్లో పేపర్లు సీరియల్ నవలలు వెయ్యడం మానేశాయే అని బాధపడుతూ ఒక వ్యాసం రాశారు. అంతే, 'ద స్కాట్స్‌మన్' పేపర్ వాళ్ళు పట్టేసుకున్నారు. "అయితే మీరే రాయండి, అది కూడా రోజూ" అన్నారు!

2004లో మొదలైంది. సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజుకో చిన్న అధ్యాయం. మొత్తం 110 అధ్యాయాలు. వారానికో భాగమైతే ఏదోలా నెట్టుకురావచ్చు, రోజూ అంటే మాటలు కాదు. మొదట్లో చేతిలో ఉన్న నిల్వ కరిగిపోయి, చివరికొచ్చేసరికి పేపర్‌కంటే కొద్ది రోజులే ముందు రాస్తున్నారు. అంటే ఏంటన్నమాట? కథ ఇంకా నడుస్తుండగానే, చదివేవాళ్ళ మాటలు రాసేవాడి చెవిన పడుతున్నాయి.

ఇది మనకి కొత్తేం కాదు. మన వారపత్రికల సీరియల్స్ కోసం అమ్మమ్మలు, పిన్నులు వారమంతా ఎదురుచూసిన కాలం ఉంది. ఇప్పుడు మీరు ఫోన్లో ప్రతిలిపిలో సీరియల్ చదువుతూ "నెక్స్ట్ పార్ట్ ఎప్పుడు?" అని అడుగుతున్నారే, అదే ఇది.

సరే, ఆ బిల్డింగ్‌లో ఎవరెవరున్నారు? ఎడిన్‌బరోలో న్యూ టౌన్ అనే పాత పేట ఉంది. పేరుకే న్యూ, కట్టి రెండొందల ఏళ్ళు దాటింది. రాతి ఇళ్ళు, అందరికీ కలిపి ఒకటే మెట్లదారి. అక్కడ ఒక ఫ్లాట్‌లో గది అద్దెకి తీసుకుని ప్యాట్ అనే అమ్మాయి దిగుతుంది. అదే ఫ్లాట్‌లో బ్రూస్ అనే అందగాడు ఉంటాడు, లవంగం వాసనొచ్చే హెయిర్ జెల్ రాసుకుని అద్దం ముందే సగం జీవితం గడిపేస్తుంటాడు. ఎదురు ఫ్లాట్‌లో డొమెనికా అనే పెద్దావిడ, ఆంత్రోపాలజిస్ట్, అన్నీ చూసిన మనిషి. ఆవిడ స్నేహితుడు ఆంగస్ ఒక చిత్రకారుడు. అతని కుక్క సిరిల్‌కి ఒక బంగారు పన్ను! ఇక కింది ఫ్లాట్‌లోంచి ఎప్పుడూ శాక్సఫోన్ వినిపిస్తుంటుంది. వాయించేది అయిదేళ్ళ పిల్లాడు. వాడే బర్టీ.

ఇప్పుడు పాఠకుల రియాక్షన్ దగ్గరికొద్దాం. ఇలాంటి నవల చదివినవాళ్ళు మామూలుగా రెండు జట్లు. ఒక జట్టు, "వంద పేజీలు చదివాను, ఏమీ జరగలేదు" అంటారు. వాళ్ళ మాటలో నిజం లేకపోలేదు. హత్య లేదు, పెద్ద ట్విస్ట్ లేదు. ఒక పెయింటింగ్ పోతే దాన్ని వెతకడమే పెద్ద సంఘటన. రెండో జట్టు, "ఏమీ జరక్కపోవడమే హాయిగా ఉంది" అంటారు. వాళ్ళకి కావాల్సింది కథ కాదు, ఆ మెట్ల మీద రోజూ ఒక అయిదు నిమిషాలు కూర్చోవడం.

కానీ బర్టీ దగ్గరికొచ్చేసరికి ఈ రెండు జట్లూ ఒకటైపోతాయి. ఎందుకు?

బర్టీ వాళ్ళమ్మ ఐరీన్ వాణ్ణి మహామేధావిని చెయ్యాలనుకుంటుంది. వాడికి ఇటాలియన్ నేర్పిస్తుంది, యోగా క్లాసుకి పంపిస్తుంది, గదికి గులాబీ రంగు వేయిస్తుంది. వాడికేమో ఒక చాకు కావాలి, రైళ్ళు కావాలి, మిగతా పిల్లల్లాగా ఆడుకోవాలి. ఒకరోజు నాన్న పేపర్ చదువుతుండగానే దానికి నిప్పంటిస్తాడు. దాంతో సైకోథెరపిస్ట్ దగ్గరికి కూడా పంపిస్తారు. ఆరో తరగతిలోనే ఐఐటీ ఫౌండేషన్ క్లాసుల్లో కూర్చున్నవాళ్ళకి బర్టీ బాధ నేను విడమరిచి చెప్పక్కర్లేదు కదా.

అసలు కిటుకు ఏంటంటే, బర్టీకి వాళ్ళమ్మ మీద ద్వేషం లేదు. చాలా మర్యాదగా అడుగుతాడు, కాదంటే మర్యాదగా ఊరుకుంటాడు. వాడు గొడవ చేసుంటే మనం నవ్వేసి పేజీ తిప్పేసేవాళ్ళం. వాడు ఊరుకున్నాడు కాబట్టి ఆ గొడవేదో మనం చెయ్యాల్సొస్తుంది. అందుకే పాఠకులు రచయితని నిలదీశారు.

మరి ఆయన విన్నారా? సగం విన్నారు. 2004లో అయిదేళ్ళున్న బర్టీకి, పుస్తకాల మీద పుస్తకాలు వస్తున్నా, ఆరేళ్ళే! ఏడో పుట్టినరోజు ముచ్చట 2013లో వచ్చిన పుస్తకంలో గానీ రాలేదు. అందులోనే ఐరీన్‌ని దుబాయ్ పంపించి, ఎడారిలో ఒక అంతఃపురంలో ఇరికించి, పాఠకులకి కాస్త సెలవిచ్చారు. ఆ తర్వాత పుస్తకాల్లో ఆమె పీహెచ్‌డీ కోసం అబర్డీన్ వెళ్ళిపోతుంది. పూర్వం డికెన్స్‌కి కూడా పాఠకులు ఉత్తరాలు రాశారు, చిన్నారి నెల్‌ని చంపొద్దని. ఆయన వినలేదు. స్మిత్ గారు ఎవర్నీ చంపే రకం కాదు, అలాగని వెంటనే విడిపించే రకమూ కాదు. బర్టీ స్వేచ్ఛగా తిరిగితే ఎదురుచూడ్డానికి ఇంకేం మిగులుతుంది?

ఇక్కడ నాదొక ఫిర్యాదు ఉంది. ఈ బిల్డింగ్‌లో అందరి మీదా రచయితకి జాలి ఉంది. సొంత అందానికి మురిసిపోయే బ్రూస్ మీద కూడా. ఐరీన్ మీద మాత్రం చాలా తక్కువ. అంతా చూస్తూ నోరెత్తని తండ్రి స్టూఅర్ట్ మాత్రం పాపం అనిపించుకుంటాడు. అమ్మ విలన్, నాన్న పాపం! ఈ లెక్క మన సీరియల్స్‌లోనూ చూశాం. పిల్లాడి తరఫున ఒక్క మాట మాట్లాడని మనిషికి అంత తేలిగ్గా మార్కులెయ్యొచ్చా? చదివేటప్పుడు ఈ ప్రశ్న పక్కన పెట్టుకోండి.

చివరిగా ఒక్క మాట. మన అపార్ట్‌మెంట్లలోనూ రాత్రి తొమ్మిదింటికి పై ఫ్లోర్‌లో ఎవరో పిల్లాడు ఎక్కాలు అప్పజెప్పలేక ఏడుస్తుంటాడు. మనకి వినిపిస్తుంది. "వాళ్ళింటి సంగతి మనకెందుకులే" అని టీవీ సౌండ్ పెంచుతాం. అదే నవల్లో పిల్లాడైతే రచయితని పట్టుకుని అడుగుతాం. పక్కింటివాళ్ళని అడగలేనిది రచయితని అడిగామన్నమాట. ఆ పాఠకుల గోలలో నాకు బాగా నచ్చింది అదే. కొంచెం సిగ్గనిపించింది కూడా అందుకే.

రేపు లిఫ్ట్‌లో ఆ పై ఫ్లోర్ పిల్లాడు కనిపిస్తే, మార్కులెన్నొచ్చాయని అడక్కండి. ఏం ఆట ఆడుకున్నావురా అని అడగండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.