ఎస్టేటును చారిత్రక ఆధారంగా చదవడం: కెన్‌వుడ్ ఉదాహరణ

నగర శివార్లలోని పాత ఎస్టేటును చూడటానికి వెళ్ళినవారు సాధారణంగా భవనాన్ని, తోటను మెచ్చుకొని తిరిగి వస్తారు. చరిత్ర విద్యార్థిగా మీరు మరో రెండు ప్రశ్నలు వేయాలి. ఈ అందాన్ని ఎవరి చూపు కోసం అమర్చారు? ఇక్కడ నివసించిన వారిలో ఎవరి స్థానం ఏమిటి? లండన్ ఉత్తర భాగంలోని కెన్‌వుడ్ ఎస్టేటును ఈ ప్రశ్నలతో పరిశీలిద్దాం.

నేపథ్యం

18వ శతాబ్దంలో కెన్‌వుడ్ లండన్ నగరానికి వెలుపల ఉండేది. 1754లో విలియం మర్రే అనే న్యాయవాది దీన్ని కొన్నాడు. 1756లో ఆయన ప్రధాన న్యాయమూర్తి పదవిని, మాన్స్‌ఫీల్డ్ ప్రభువు అనే బిరుదును పొందాడు. నగరంలో న్యాయస్థానం, శివారులో విశ్రాంతి గృహం ఉండటం ఆనాటి ఉన్నత వర్గాల జీవన విధానం. రాబర్ట్ ఆడమ్ అనే వాస్తుశిల్పి 1764-1779 మధ్య ఈ భవనానికి కొత్త రూపమిచ్చి, పెద్ద గ్రంథాలయ గదిని చేర్చాడు.

చూపు కోసం అమర్చిన తోట

భవనం దక్షిణ ముఖం ముందు నిలబడితే పచ్చిక వాలు, దాని చివర చెరువు, చెరువు కొసన తెల్లని వంతెన కనిపిస్తాయి. దగ్గరికి వెళ్ళి చూస్తే అది నిజమైన వంతెన కాదు, ముందు భాగం మాత్రమే ఉన్న చెక్క కట్టడం. ఇంట్లోని వారికి చెరువు నదిలా కనిపించాలని దాన్ని అలా నిలబెట్టారు. అంటే ప్రకృతిలా కనిపించే ఈ దృశ్యం కూడా యజమాని చూపుకు అనుగుణంగా కూర్చినదే.

భవనం చెప్పని కథ

మాన్స్‌ఫీల్డ్ మేనల్లుడికి, బానిసత్వంలో ఉన్న మరియా బెల్ అనే ఆఫ్రికన్ సంతతి స్త్రీకి పుట్టిన కుమార్తె డైడో ఎలిజబెత్ బెల్. ఆమె ఈ ఇంట్లోనే పెరిగింది. 1779లో ఇక్కడికి వచ్చిన ఒక అతిథి రాసుకున్న డైరీ ప్రకారం, ఆమె అతిథులతో కలిసి భోజనానికి కూర్చోలేదు, భోజనం ముగిశాక వచ్చి స్త్రీలతో కూర్చుంది. పాలశాల, కోళ్ళ పెంపకం ఆమె పర్యవేక్షణలో ఉండేవి. ఆమె ఆ ఇంటి మనిషే అయినా అందరితో సమానురాలు కాదు.

ఒక యజమాని తన బానిసను బలవంతంగా ఇంగ్లండు దాటించరాదని 1772లో సోమర్సెట్ కేసులో తీర్పు ఇచ్చింది ఈ మాన్స్‌ఫీల్డే. అయినా డైడో స్వేచ్ఛను తన వీలునామాలో ప్రత్యేకంగా ధ్రువీకరించవలసిన అవసరం ఉందని ఆయన భావించాడు. ఆ తీర్పు బానిసత్వాన్ని రద్దు చేయలేదనడానికి ఆ ఇంటి పత్రమే సాక్ష్యం.

ఒక విషయం గమనించండి. నేడు కెన్‌వుడ్‌లో కనిపించే పాలశాల 1790లలో, మాన్స్‌ఫీల్డ్ మరణానంతరం కట్టినది. కాబట్టి కట్టడాలను మాత్రమే చూస్తే డైడో జాడ మనకు దొరకదు. కట్టడంతోపాటు డైరీలను, వీలునామాలను, లెక్కల పుస్తకాలను కలిపి చదివినప్పుడే ఎస్టేటు చరిత్ర పూర్తవుతుంది.

1927లో ఐవీ ప్రభువు కెన్‌వుడ్‌ను, తన చిత్రాల సేకరణను ప్రజలపరం చేశాడు. 1928 నుంచి సామాన్యులు దీన్ని చూడగలుగుతున్నారు.

అభ్యాసం

మీ సమీపంలోని గడీని గాని, జమీందారు బంగళాను గాని సందర్శించండి. యజమాని ఎక్కడి నుంచి ఏమి చూసేవాడు, పనివారు ఏ దారిన వచ్చేవారు అనే అంశాలను గుర్తించి పది వాక్యాలు రాయండి.