యూ వింటిని గూర్చిన అపోహలు

మన వడ్రంగి టేకు మానును కోయించునపుడు తెల్లచెక్కను తీసి పాఱవైచి, చేవను మాత్రమే ద్వారబంధమునకు నిలుపుకొనును. ఆ దృష్టితో మధ్యయుగపు ఇంగ్లండు విలుకాండ్రు చేతబట్టిన, యూ అను చెట్టు కలపతో చేసిన వింటిని చూచినవాడు, ఎఱ్ఱని బద్దవెన్నున పాలవన్నె చెక్క పలుచని పొరగా నిలిచియుండుట గమనించి, పనివాడు చేవకు పిసినితనము చూపెనని తలంచుట సహజము. అపోహలలో నెల్ల ఇదియే పెద్దది. విల్లు వంగునపుడు లక్ష్యము వైపునున్న వెన్ను సాగును, విలుకాని వైపునున్న కడుపు నొక్కుకొనును. యూ మానులో తెల్లచెక్కకు సాగుటను, చేవకు నొక్కుడును ఓర్చు గుణము గలదు. ఆసియా ఖండపు అశ్వికులు కొమ్మును, కొయ్యను, స్నాయువును జిగురుతో నతికించి యెంతో శ్రమతో సాధించిన దానిని ఈ వృక్షము ఒక్క బద్దలోనే పుట్టుకతో నిముడ్చుకొని యున్నది.

నున్నగను తిన్నగను ఉన్న విల్లే మేలైనదనుట మఱియొక భ్రమ. వెన్నున చెక్కపోగు ఈ కొస నుండి ఆ కొస వఱకు తెగక సాగవలెను గాన, పోగు వంకరపోయిన చోట పనివాని కత్తియు వంకరపోవలసినదే. కణుపు ఎదురైనచో నిపుణుడు దానిని చదును చేయక, చుట్టును కొంత చెక్కను ఉబ్బెత్తుగా విడిచిపెట్టును. కంటికింపుగా నుండవలెనని ఆ యుబ్బును చెక్కివేసిన విల్లు, నారిని చెవి దాక లాగిన నాడు, సరిగా నచ్చటనే విఱుగు భయము గలదు.

ఇంగ్లండు చర్చిల ఆవరణలలోని యూ చెట్లే ఆ దేశపు సేనకు విండ్లనిచ్చెనను కథయు నిలువదు. చలికొండలపై మెల్లగా పెరిగి, వలయములు దట్టముగా నేర్పడిన ఐరోపా ఖండపు కలపయే శ్రేష్ఠమని యెంచబడెడిది. దిగుమతి సరకు టన్నొక్కింటికి నాలుగు వింటిబద్దలు తేవలెనని 1472లో శాసనమే చేసిరి. అసలీ విల్లు ఇంగ్లీషువారి సృష్టియు గాదు. 1991లో ఆల్ప్స్ పర్వతముల మంచులో బయటపడిన సుమారు 5,000 ఏండ్ల నాటి మానవుని ప్రక్క, చెక్కుడు గాట్లు మానని అసంపూర్ణమైన యూ వింటిబద్ద యొకటి దొరకినది.

చేతిపట్టు బిగిసి యుండగా దాని కిరువైపుల నున్న వింటి కొమ్మలు రెండు మాత్రమే వంగుట ప్రాచీన పద్ధతియని కొందఱందురు. అది విక్టోరియా నాటి వినోద విలువిద్యకు చెందిన తీరు. 1545లో మునిగి 1982లో పైకి తీయబడిన మేరీ రోజ్ అను ఇంగ్లండు యుద్ధనౌకలో దొరకిన నూటికి మించిన విండ్లు దాదాపు ఆఱున్నర అడుగుల పొడవు గలవై, పట్టుతో సహా నిండు చాపముగా వంగునట్లు చెక్కబడినవి. వానిలో పెక్కింటిని లాగుటకు 100 పౌండ్లకు పైబడిన బలము కావలసి యుండెనని అంచనా.

బలము చెట్టుతో వచ్చునుగాని సమత పనివాని చేతిలోనిది. అతడు బద్దను కొయ్యమేకుపై నిలిపి, నారిని కొంచెము కొంచెముగా లాగుచు, దూరముగా నిలిచి రెండు కొమ్మల వంపును పోల్చి చూచును. బిగిసిన చోట కత్తితో ఒక పొర గీకును, మఱల లాగును. గీకిన చెక్క తిరిగి అంటదు. ఒకచోట పొర యొకటి యెక్కువ లేచినచో మిగిలిన వింటినంతను దానికి తగ్గించవలెను. 100 పౌండ్ల విల్లని మొదలిడి 80తో సరిపెట్టుకొనుట ఆ వృత్తివారికి క్రొత్త గాదు.