జరిమానా కట్టకపోతే పడవ పోతుందా?

మైపాడు మొదలు తూపిలిపాళెం వరకు మన సముద్రపు పాళేలలో చిన్న తగాదా కోర్టుకెక్కడం కొత్త కాదు. వల తెగిందని మాటామాటా పెరిగి చేయి చేసుకుంటారు. మేజిస్ట్రేటుగారు జరిమానా వేస్తారు. "కట్టేదేంది, నాలుగు దినాలు లోపలుండి వస్తే సరిపాయ" అనే మాట మేము తరచు వింటుంటాము. అది సగమే నిజం.

జరిమానా ఒక విధమైన బాకీ. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 461వ సెక్షను ప్రకారం (1973 చట్టంలో ఇది 421) చరాస్తిని జప్తుచేసి అమ్ముటకు కోర్టు వారంటు ఇవ్వవచ్చును. పడవ, ఇంజను కూడా చరాస్తులే. లేదా కలెక్టరుగారికి వారంటు పంపవచ్చును. అప్పుడు భూమిశిస్తు బకాయివలె ఇంటినుండి, పొలమునుండి కూడా రాబడతారు. అయితే ఈ వారంటుమీద మనిషిని జైలులో పెట్టరాదు. చిన్న కేసులలో ఈ వసూలుకు గడువు తీర్పు నాటినుండి 6 సంవత్సరాలు. ఈలోగా ఇంటాయన కన్నుమూసినా ఆయన ఆస్తిమీద బాకీ నిలిచే ఉంటుంది. ఈ సంగతి ఎరుగని తల్లులు ఎందరో!

అమెరికాలో కొన్ని రాష్ట్రాలలో కట్టని జరిమానాను ఇంటిమీద తాకట్టువలె నమోదు చేస్తారు. మన దగ్గర అలా కాదు, వారంటు రావాలి.

మరి జైలుకు వెళ్లివస్తే? జరిమానాకు బదులు విధించిన జైలు పూర్తిగా అనుభవించినవారిమీద సాధారణంగా వారంటు ఇవ్వరు. ప్రత్యేక కారణాలు వ్రాసి ఇవ్వవచ్చును. జరిమానాలోనుండి గాయపడినవారికి పరిహారం ఇమ్మని ఉత్తర్వుంటే కూడా ఇవ్వవచ్చును. ఇది న్యాయమేనని మా అభిప్రాయం. దెబ్బతిన్నవాడూ మన పాళెంవాడే కదా.

ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు వేట నిషేధం. ఆ దినాలలో జరిమానా పడితే చాలామంది వడ్డీకిచ్చేవారి గడప తొక్కుతారు. అంత తొందర వద్దు. జైలుశిక్ష లేక జరిమానా మాత్రమే పడితే, 464వ సెక్షను క్రింద 30 దినాల గడువుగానీ, రెండు మూడు వాయిదాలుగానీ ఇవ్వమని వకీలుద్వారా అదే దినమున అడగండి. బాండు వ్రాసివ్వవలసి ఉంటుంది. లోపలికి వెళ్లిన తరువాత కొంత కట్టినా, ఆ మేరకు జైలు దినాలు తగ్గుతాయి.

ఏమీ కట్టలేక జైలులోనే ఉండిపోయిన బీద ఖైదీలకోసం 2023లో కేంద్ర ప్రభుత్వం ఒక పథకం తెచ్చినది. ఆనాటి నియమాల ప్రకారం 25,000 రూపాయల వరకు జరిమానాకు సహాయం. జైలు సూపరింటెండెంటుగారినిగానీ, జిల్లా న్యాయసేవాధికార సంస్థనుగానీ అడగండి.

కట్టిన ప్రతి వాయిదాకు రసీదు తీసుకొని, పట్టా కాగితాలతోపాటు ఆ 6 సంవత్సరాలూ భద్రంగా ఉంచండి.