‘ఫైల్ సైజ్ ఎక్కువైంది’ అని మొహం మీదే చెప్పే యాప్ నయం

పోయిన నెల అమ్మమ్మ ఫోన్ చేసింది. తాతయ్య సంవత్సరీకానికి గోడకి పెద్ద ఫ్రేమ్ కట్టించాలి, మావయ్య పెళ్లిలో తీసిన ఆ గ్రూప్ ఫొటో నీ దగ్గర ఉందిగా, పంపరా అంది. తాతయ్య నవ్వుతూ ఉన్న ఫొటో మా ఇంట్లో అదొక్కటే.

ఉంది. బీటెక్ థర్డ్ ఇయర్‌లో ఉన్నప్పుడు ఆ ప్రింట్‌ని నా ఫోన్‌తో నీట్‌గా తీసి ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టాను. తర్వాత ఆ ఫోన్ అమ్మేశాను. స్టోరేజ్ నిండిందని క్లౌడ్ బ్యాకప్ అంతకు ముందే ఆపేశాను. అసలు ప్రింటేమో రెండు వానాకాలాల క్రితం గోడ చెమ్మకి ఆల్బమ్ కవర్‌కి అతుక్కుపోయింది. ఊడదీస్తే సగం ముఖాలు కవర్‌కే ఉండిపోయాయి. అంటే మిగిలింది చాట్‌లో ఉన్న కాపీ ఒక్కటే.

డౌన్‌లోడ్ చేసి ప్రాపర్టీస్ చూశాను. 1600 × 1200. నా పాత ఫోన్ కెమెరా తీసింది 4000 × 3000. ఒరిజినల్‌లో తాతయ్య ముఖం వెడల్పు 400 పిక్సెల్స్ ఉంటే, ఇందులో 160. ఫ్రేమ్‌లో ముఖం 4 అంగుళాలు రావాలంటే అంగుళానికి 40 పిక్సెల్స్ పడతాయి. మంచి ప్రింట్‌కి 300 కావాలంటారు. ఒరిజినల్ ఉన్నా 100 మాత్రమే వచ్చేది, కానీ గోడ మీద కాస్త దూరం నుంచి చూసే ఫ్రేమ్‌కి సరిపోయేది.

తప్పు యాప్‌ది కాదు. ఫొటో ఆప్షన్‌లో పంపితే తగ్గిస్తుందని నాకు తెలుసు. తెలిసీ ఒరిజినల్‌ని పక్కన దాచలేదు. సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌నని చెప్పుకోవడానికి సిగ్గేసింది.

రెండు రకాల యాప్స్

చాట్ యాప్స్‌లో నాకు కనిపించేవి రెండు రకాలు. కొన్ని అడగకుండా ఫొటోని తగ్గించి పంపేస్తాయి, కొన్ని ‘ఫైల్ పెద్దది, కుదరదు’ అని ఆపేస్తాయి. వాట్సాప్‌లో మామూలుగా ఫొటో పంపితే మొదటి రకం. 2023లో హెచ్‌డీ ఆప్షన్ వచ్చింది, దాంతో డీటెయిల్ ఎక్కువే మిగులుతుంది, కానీ అదీ ఒరిజినల్ కాదు. ఒరిజినల్ వెళ్లాలంటే డాక్యుమెంట్‌గా పంపాలి. దానికి లిమిట్ 2 జీబీ, ఒక ఫొటోకి ఆ లిమిట్ గురించి ఆలోచించే పనే లేదు. టెలిగ్రామ్‌లోనూ అంతే, ఫొటోగా పంపితే తగ్గుతుంది, ఫైల్‌గా పంపితే ఉన్నదున్నట్టు వెళ్తుంది. ఒక్క జాగ్రత్త: ఇలా ఫైల్‌గా పంపినప్పుడు ఫొటో తీసిన లొకేషన్ లాంటి వివరాలు కూడా లోపలే ఉండిపోతాయి. ఇంట్లోవాళ్లకైతే ఓకే, కొత్తవాళ్లకి పంపేటప్పుడు లొకేషన్ తీసేసి పంపండి.

రెండో రకానికి ఉదాహరణ డిస్కార్డ్. ఫ్రీ అకౌంట్‌కి చాలా ఏళ్లు 8 ఎంబీ ఉండేది, 2023లో 25కి పెంచారు, 2024లో మళ్లీ 10కి తగ్గిస్తున్నామన్నారు. గేమింగ్ సర్వర్లలో ఉండేవాళ్లు అప్పుడు ఎంత తిట్టుకున్నారో తెలిసిందే. నేనూ తిట్టుకున్నా. కానీ ఇప్పుడనిపిస్తోంది, ‘కుదరదు’ అనేదే నయం అని. అలా ఆపినప్పుడు ఏం తగ్గించాలో మనం నిర్ణయించుకుంటాం, ఒరిజినల్ ఎక్కడుందో ఒకసారి చూసుకుంటాం. చప్పుడు చేయకుండా తగ్గించినప్పుడు, పోయిందన్న సంగతే నాలుగేళ్ల తర్వాత తెలుస్తుంది.

అన్నట్టు, ‘ఫార్వర్డ్ చేసేకొద్దీ క్వాలిటీ పోతుంది’ అంటారు కదా. వాట్సాప్ లోపలే ఫార్వర్డ్ చేస్తే అదే ఫైల్ వెళ్తుంది. దెబ్బతినేది స్క్రీన్‌షాట్ తీసి పంపినప్పుడు, స్టేటస్‌లో పెట్టినదాన్ని సేవ్ చేసుకుని మళ్లీ అప్‌లోడ్ చేసినప్పుడు. మన గ్రూపుల్లో జరిగేది ఎక్కువగా ఇదే.

పోయేది ఏంటి?

12 మెగాపిక్సెల్ ఫొటోని కంప్రెషన్ లేకుండా దాస్తే 4000 × 3000 పిక్సెల్స్, ఒక్కోదానికి 3 బైట్లు, మొత్తం 36 ఎంబీ. అదే ఫొటో జేపెగ్‌లో కొన్ని ఎంబీలకి వచ్చేస్తుంది. ఎలాగంటే, మన కన్ను వెలుగునీడల్లో తేడాని పట్టేసినంత బాగా రంగుల్లో తేడాని పట్టలేదు. అందుకని జేపెగ్ చాలాసార్లు నాలుగు పిక్సెల్స్‌కి కలిపి ఒకే రంగు సమాచారం ఉంచుతుంది. తర్వాత ఫొటోని 8 × 8 గళ్లుగా కోసి, ఒక్కో గడిలో మెల్లగా మారే భాగాన్ని, గబగబా మారే సన్న డీటెయిల్‌ని విడదీసి, ఆ సన్న డీటెయిల్‌ని ఎక్కువగా కోసేస్తుంది. జుట్టు, చీర అంచు, గడ్డి ముందు పోయేది ఇందుకే.

ఈ విడదీసే లెక్క పేరు డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫామ్. సిగ్నల్స్ సబ్జెక్ట్‌లో అందరం బట్టీ పట్టిందే. 1974లో ఆ పేపర్ రాసిన ముగ్గురిలో ఒకరు బెంగళూరులో పుట్టిన నాసిర్ అహ్మద్, ఇంకొకరు టి. నటరాజన్, మూడో ఆయన కె.ఆర్. రావు, అంటే కామిశెట్టి రామమోహన రావు. ఎగ్జామ్ రాసేటప్పుడు ఈ పేర్లు ఎవరైనా చెప్పి ఉంటే ఇంకో రెండు మార్కుల ఉత్సాహం వచ్చేది నాకు.

ముందు కొలత, తర్వాత క్వాలిటీ

10 ఎంబీ లోపు పెట్టాలనుకోండి. చాలామంది చేసే తప్పు, సైజ్ అలాగే ఉంచి క్వాలిటీని 40కి లాగేయడం. గళ్లు గళ్లుగా కనిపిస్తుంది. 50 మెగాపిక్సెల్ ఫొటో 8160 × 6120 ఉంటే, రెండు వైపులా సగం చేయండి. 4080 × 3060 అవుతుంది, పిక్సెల్స్ నాలుగో వంతే. ఫోన్‌లో చూసేవాళ్లకి తేడా తెలీదు, ఎందుకంటే వాళ్ల స్క్రీన్ వెడల్పే 1080 లేదా 1440. తర్వాత క్వాలిటీ 80, 85 మధ్య పెడితే చాలు. 100 పెట్టడం వేస్ట్, సైజ్ పెరగడమే తప్ప కంటికి కనిపించేది ఏమీ ఉండదు.

నేను వాడేది స్క్వూష్. బ్రౌజర్‌లోనే నడుస్తుంది, ఫొటో మన సిస్టమ్ దాటి వెళ్లదు, పాత కొత్త పక్కపక్కన చూపిస్తుంది. ‘50 కేబీకి తగ్గిస్తాం’ అనే ఏదో ఒక సైట్‌లో ఆధార్, సంతకం అప్‌లోడ్ చేసే అలవాటు ఉంటే దయచేసి మానేయండి. అవి ఎవరి సర్వర్‌లో కూర్చుంటాయో మనకి తెలీదు.

వందల ఫొటోలు ఉంటే ఇమేజ్‌మ్యాజిక్. అందులో ‘జేపెగ్ ఎక్స్‌టెంట్’ అని ఒక సెట్టింగ్ ఉంది, లిమిట్ చెప్తే క్వాలిటీని అదే వెతుక్కుంటుంది. సొంతంగా రాసుకున్నా కష్టం కాదు: 1 నుంచి 100 మధ్య బైనరీ సెర్చ్, గరిష్ఠంగా 7 ప్రయత్నాలు. ఫస్ట్ ఇయర్‌లో నేర్చుకున్నది నిజంగా పనికొచ్చిన అరుదైన సందర్భం.

స్క్రీన్‌షాట్స్ కథ వేరు. కోడ్, బిల్లు, చాట్ లాంటి అక్షరాలున్నవి జేపెగ్‌లోకి మారిస్తే అక్షరాల చుట్టూ దోమలు ముసిరినట్టు మచ్చలు వస్తాయి. ఎర్ర అక్షరాలైతే మరీ ఘోరం. వాటిని పీఎన్‌జీలోనే ఉంచి, పీఎన్‌జీక్వాంట్‌తో రంగుల్ని 256కి తగ్గించండి. సైజ్ బాగా పడుతుంది, అక్షరం మాత్రం షార్ప్‌గానే ఉంటుంది.

మళ్లీ ఫ్రేమ్ దగ్గరికి. పోయిన డీటెయిల్ తిరిగొస్తుందేమోనని ఒక ఏఐ అప్‌స్కేలింగ్ యాప్‌లో వేశాను. వావ్ అనిపించింది. ముఖం నున్నగా, కళ్లు మెరుస్తూ, మీసం ఒక్కో వెంట్రుకా లెక్కపెట్టేలా ఉంది. ప్రింట్ తీయించి ఊరు తీసుకెళ్లాను. అమ్మమ్మ కళ్లజోడు పెట్టుకుని కాసేపు చూసి, “ఎవర్రా ఈయన?” అంది. 160 పిక్సెల్స్‌లో లేనిదాన్ని ఆ యాప్ ఎక్కడి నుంచి తెస్తుంది? ఊహించి గీసింది. గడ్డం మీద పుట్టుమచ్చని కంప్రెషన్ మచ్చ అనుకుని తుడిచేసింది కూడా.

చివరికి ఆ 1600 × 1200 ఫైల్‌నే 4 × 6 అంగుళాల్లో ప్రింట్ తీయించాం. ముఖం అర అంగుళం ఉంటుందేమో, కానీ నవ్వు తెలుస్తోంది. పెద్ద ఫ్రేమ్‌లో నవ్వు లేని పాస్‌పోర్ట్ ఫొటో పెట్టారు. చిన్నది అమ్మమ్మ మంచం పక్కన ఉంది.

వచ్చేముందు ఆల్బమ్‌లో మిగిలిన ఫొటోలన్నీ స్కాన్ చేసి రెండు హార్డ్ డిస్కుల్లో వేసి, గ్రూప్‌లో డాక్యుమెంట్స్‌గా పెట్టాను. రెండు నిమిషాల్లో మావయ్య మెసేజ్: “ఒరేయ్, ఇవేవో ఫైల్స్ వచ్చాయి, మామూలుగా ఫొటోలు పంపు.”