కడలి చేరని అవాష్

ఏ నదైనా చివరికి సముద్రాన్నే చేరుతుందంటారు. ఇథియోపియాలోని అవాష్ చేరదు. అడిస్ అబాబాకు పడమరన, గించి దగ్గరి పచ్చని మిట్టల్లో పుడుతుంది. 1,200 కిలోమీటర్లు పరుగెత్తి, జిబూటీ సరిహద్దున అబ్బే సరస్సులో దిగి అక్కడే ఆగిపోతుంది.

కారణం నేల అడుగున ఉంది. అఫార్ ప్రాంతంలో మూడు భూఫలకాలు ఒకదాని నుంచి ఒకటి దూరం జరుగుతున్నాయి. వాటి నడుమ నేల కుంగింది. ఆ పల్లంలోకి దిగిన నీటికి బయటికి దారి లేదు. ఎండ నీటిని తాగేస్తుంది, ఉప్పు మిగిలిపోతుంది. ఆ ఉప్పుసరస్సు చుట్టూ వేడినీటి ఊటలు పేర్చిన సున్నపురాతి స్తంభాలు, కొన్ని 50 మీటర్ల ఎత్తున, ఆవిరి చిమ్ముతూ నిలబడ్డాయి. రాజహంసలు అక్కడికి మేతకొస్తాయి.

నది ఎక్కడ ఆగుతుందో అఫార్ పశుకాపరులకు తరతరాలుగా తెలుసు. బయటివాళ్లకు అక్కడికి వెళ్లే దారి ఒకప్పుడు ప్రాణాంతకం. 1875లో ఈజిప్టు సేనతో వచ్చిన ముంజింగర్ అనే అధికారి ఈ ప్రాంతంలోనే హతుడయ్యాడు. 1933-34లో మాత్రం విల్‌ఫ్రెడ్ థెసిజర్ అనే ఆంగ్ల యువకుడు నది వెంటే నడిచి అబ్బే ఒడ్డుకు చేరాడు.

కడలికి ఇవ్వనిదంతా అవాష్ తన లోయలోనే దాచింది. వరద తెచ్చిన ఒండ్రు, అగ్నిపర్వతాలు కురిపించిన బూడిద పొరలు పొరలుగా పేరుకున్నాయి. ఆ బూడిదే కాలాన్ని లెక్కగట్టే ఆధారమైంది. 1974లో హదార్ వద్ద 32 లక్షల ఏళ్ల నాటి మానవ పూర్వికురాలు 'లూసీ' ఎముకలు దొరికాయి. ఎగువన, మధ్య అవాష్‌లో 44 లక్షల ఏళ్ల నాటి 'ఆర్డీ' అస్థిపంజరం బయటపడింది. రెండు కాళ్లపై నడక నేర్చిన మన పూర్వుల కథలో ఎన్నో పుటలు ఈ లోయవే. దిగువ లోయను 1980లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

ఇప్పుడు ఎగువన కోకా ఆనకట్ట నీటిని ఆపుతోంది, చెరకు తోటలు, పత్తి చేలు తోడుకుంటున్నాయి. కరవుకాలంలో అఫార్ల మందలు మేసిన పచ్చిక బయళ్లు తగ్గాయి, అబ్బే సరస్సు కుంచించుకుపోయింది. అడిస్ అబాబా మురుగు అకాకి వాగుల గుండా ఈ నదిలోకే వస్తోంది. సముద్రానికి పోయే నది మలినాన్ని కొంతైనా వదిలించుకుంటుంది. అవాష్‌కు ఆ వీలు లేదు. దానిలో కలిపిన విషమంతా లోయలోనే, ఆ నీళ్లు తాగే మనుషుల మధ్యనే మిగులుతుంది. లక్షల ఏళ్ల మన ఆనవాళ్లను భద్రపరిచిన నదికి మనం కనీసం శుభ్రమైన నీళ్లు బాకీ ఉన్నాం.