గృహ చలనచిత్రములకు కెమెరా నెన్నుకొనుట

ఇంటి వేడుకలను చిత్రించుటకు ఎట్టి వీడియో కెమెరా కొనవలెనని విద్యార్థుల తల్లిదండ్రులు మమ్ము తరచుగా నడుగుచుందురు. నగర్తపేటకు చేరువనే ఎస్.పి. రోడ్డు అంగళ్ళు కలవు గనుక కొనుట సులభమే, ఎన్నుకొనుటయే కష్టము.

హై డెఫినిషన్ అనగా బొమ్మలోని చుక్కల లెక్క. వెడల్పున 1920, ఎత్తున 1080 చుక్కలు గలదానిని ఫుల్ హెచ్.డి. యందురు. ఇంటి టీవీకి ఇది చాలును. ఇంతకన్న ముఖ్యమైనది వెలుతురును గ్రహించు సెన్సారు. అది పెద్దదైనకొలది మసక వెలుతురునందును బొమ్మ తేటగా వచ్చును. చైత్ర పౌర్ణమి రాత్రి ధర్మరాయస్వామి గుడినుండి వెడలు కరగను చిత్రింపగోరువారు దీనిని మరువరాదు. జూములలో ఆప్టికల్ జూమునే లెక్కింపుడు. డిజిటల్ జూము బొమ్మను సాగదీయునే కాని వివరమును పెంచదు. మన విద్యుత్తు 50 హెర్ట్జులది గనుక సెకనుకు 25 లేక 50 చిత్రముల అమరిక నుంచినచో దీపముల మినుకు తగ్గును. సెకనుకు 24 మెగాబిట్ల చొప్పున గంట చిత్రమునకు సుమారు 11 గిగాబైట్లు పట్టును. కార్డును అందుకు తగినట్లు కొనుడు.

అన్నిటికన్న ముఖ్యము ధ్వని. విడి మైకును తగిలించు వీలుగల కెమెరానే కొనుడు. మంచి సెల్‌ఫోను గలవారికి మైకొక్కటియే చాలవచ్చును. కొన్నేండ్ల క్రిందట మా తల్లిగారు మనుమలకు కథ చెప్పుచుండగా చిత్రించితిమి. బొమ్మ చక్కగా వచ్చినది. ఫ్యాను చప్పుడులో మాటలు మునిగిపోయినవి. నేడామె లేరు. ముఖము మిగిలినది, ఆమె తెలుగు మిగులలేదు. కన్నడ సీమలో పెరుగు మన పిల్లలకు అవ్వల తెలుగే ఆస్తి. కావున ఫ్యాను నాపి, మైకును దగ్గరనుంచి, చిత్రమునకు రెండు ప్రతులు దాచుకొనుడు.